మిర్చి కొట్టు బిల్లింగ్ కోడ్‌లో ఫంక్షనల్ టైపులు ఎలా వాడాలి

ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ (డేటాని మార్చకుండా ఫంక్షన్లతోనే పని నడిపే పద్ధతి) అనగానే హాస్కెల్, మోనాడ్, క్యాటగిరీ థియరీ అని చాలామంది అక్కడే ఆగిపోతారు, మన బెజవాడ గుంటూరు సైడు చిన్న చిన్న కంపెనీల్లో జావా, పైథాన్, టైప్‌స్క్రిప్ట్, పీహెచ్‌పీ మీద బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు రాసేవాళ్ళకి అవన్నీ మన పని కాదులే అనిపిస్తది. నేను చెప్పేది ఆ మొత్తం అక్కర్లేదనే. అందులోంచి నాలుగైదు డేటా టైపులు, వాటితో పాటు వచ్చే రెండు మూడు అలవాట్లు తెచ్చుకుంటే చాలు, మీరు ఇప్పుడు వాడుతున్న భాషలోనే రేపట్నుంచి వాడుకోవచ్చు. అసలు విషయం ఒక్కటే: జరగకూడని పరిస్థితిని కోడ్‌లో రాయడానికే వీల్లేకుండా డేటా ఆకారం పెట్టుకోవాలి. అలా పెట్టుకుంటే మనం రాసే ఇఫ్‌లలో సగం రాయక్కర్లేదు.

ఉదాహరణకి గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టుకి సాఫ్ట్‌వేర్ తీసుకుందాం. రైతు టిక్కీలు (మిర్చి బస్తాలు) తెస్తాడు, అవి ఒక లాటుగా దిగుతాయి, కాయ చూసి క్వింటాకి ఇంత అని రేటు ఖాయం చేస్తారు, తర్వాత కాటా వేస్తారు, తర్వాత డబ్బులు. మధ్యలో రేటు నచ్చకపోతే రైతు సరుకు వెనక్కి తీసుకుపోవచ్చు. మనలో చాలామంది దీన్ని ఇలా మోడల్ చేస్తాం:

లాటు:
  రైతు
  రకం
  రేటు (ఖాళీ ఉండొచ్చు)
  బరువు (ఖాళీ ఉండొచ్చు)
  చెల్లించిన తేదీ (ఖాళీ ఉండొచ్చు)
  వెనక్కి పోయిందా (అవును/కాదు)

చూట్టానికి బానే ఉంది, టేబుల్‌లో కూడా సరిగ్గా కూర్చుంటది. కానీ లెక్కేయండి. కింద ఉన్న నాలుగు ఫీల్డుల్లో ఒక్కోదానికీ రెండు అవకాశాలు, అంటే 16 కాంబినేషన్లు. నిజంగా కొట్లో జరిగేవి ఎన్ని? యార్డుకొచ్చింది, రేటు అయింది, కాటా అయింది, డబ్బులిచ్చేశాం, వెనక్కి పోయింది, అంతే, అయిదు. మిగతా పదకొండు ఎప్పుడూ జరగకూడనివి: డబ్బులిచ్చేశారు కానీ బరువు లేదు, వెనక్కి పోయింది కానీ చెల్లింపు తేదీ ఉంది, ఇలాంటివి. అవి జరగవులే అనుకుంటాం గానీ స్ట్రక్చర్ మాత్రం వాటికి చోటిచ్చి పెట్టింది, ఎక్కడో ఒక అప్‌డేట్ క్వెరీ ఒక కాలమ్ మార్చి ఇంకోటి మర్చిపోతే ఆ పదకొండులో ఒకటి డేటాబేస్‌లోకి వచ్చి కూర్చుంటది, ఇంక ప్రతి రిపోర్టులోనూ దానికోసం ఒక ఇఫ్ పెట్టుకుంటూ పోవాలి.

దీన్ని, ఇన్నిట్లో ఏదో ఒక్కటే అని చెప్పే సమ్ టైప్‌గా రాస్తే ఇలా ఉంటది:

లాటు స్థితి = యార్డుకొచ్చింది
  లేదా రేటు అయింది (రేటు)
  లేదా కాటా అయింది (రేటు, బరువు)
  లేదా డబ్బులిచ్చాం (రేటు, బరువు, తేదీ)
  లేదా వెనక్కి పోయింది (కారణం)

ఇప్పుడు బరువు లేకుండా డబ్బులిచ్చిన లాటు తయారుచేద్దామన్నా కుదరదు, కన్‌స్ట్రక్టరే బరువు అడుగుద్ది. రైతు, రకం అనేవి అన్ని స్థితుల్లోనూ ఉండేవి కాబట్టి అవి బయట లాటులో ఉంటాయి, స్థితిని బట్టి మారేవి మాత్రం ఆయా కేసు లోపల. ఈ విడదీయడం ఎలా తెలుస్తుందంటే కొట్లో గుమస్తా గారి దగ్గర కూర్చుని అడగండి, 'కాటా అవకముందు మీకేం తెలుసండీ, అయ్యాక ఏం తెలుస్తుందండీ' అని. ఆయన చెప్పే వరసే మీ టైపు. నా ఉద్దేశంలో టేబుల్ డిజైన్ కంటే ముందు చెయ్యాల్సిన పని ఇదే, దీనికి అరపూట పెట్టినా దండగ కాదు.

ఏ భాషలో ఎలా రాయాలంటే: రస్ట్‌లో ఈనమ్ కేసులే డేటా మోస్తాయి, పెద్ద పనేం లేదు. కోట్లిన్‌లో సీల్డ్ క్లాస్ లేదా సీల్డ్ ఇంటర్‌ఫేస్, దాని కింద డేటా క్లాసులు. జావాలో రికార్డులు 16వ వెర్షన్‌లో, సీల్డ్ క్లాసులు 2021లో వచ్చిన 17లో, స్విచ్‌లో ప్యాటర్న్ మ్యాచింగ్ 2023లో వచ్చిన 21లో ఖాయమయ్యాయి, కాబట్టి మీ క్లయింటు ఇంకా జావా 8 మీదే ఉంటే కొంచెం చేత్తో ఎక్కువ రాయాలి, 21 అయితే హాయిగా రాసుకోవచ్చు. టైప్‌స్క్రిప్ట్‌లో ఒక్కో కేసుకీ ఒక ఆబ్జెక్ట్ టైపు, అన్నిట్లోనూ 'స్థితి' లాంటి ఒకే పేరున్న ట్యాగ్ ఫీల్డు, వాటిని యూనియన్‌గా కలపడం. పైథాన్‌లో డేటాక్లాసులు ఫ్రోజెన్‌గా పెట్టి, 3.10లో వచ్చిన మ్యాచ్ స్టేట్‌మెంట్ వాడాలి. పీహెచ్‌పీ 8.1లో ఈనమ్ వచ్చింది గానీ దాని కేసులు లోపల వేరే వేరే డేటా మొయ్యవు, అందుకని అక్కడ ఒక ఇంటర్‌ఫేస్, దాని కింద ఫైనల్ క్లాసులు పెట్టుకోవడం మంచిది.

దీని అసలు లాభం మొదటిరోజు కనపడదు, ఆరు నెలల తర్వాత కనపడుద్ది. సీజన్ మధ్యలో ఓనరు గారు ఫోన్ చేసి 'బాబూ, రేటు పడిపోయింది, రైతులు సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుంటున్నారు, అది కూడా మన దాంట్లో కనపడాలి' అంటారు. మీరు ఆరో కేసు చేరుస్తారు: కోల్డ్ స్టోరేజీలో ఉంది (స్టోరేజీ పేరు, పెట్టిన తేదీ). చేర్చిన వెంటనే కంపైలరు మీ ప్రాజెక్టు మొత్తం తిరిగి, బిల్లు ప్రింట్ చేసేచోట ఈ కేసు చూళ్ళేదు, రోజువారీ స్టాకు రిపోర్టులో చూళ్ళేదు, ఎస్సెమ్మెస్ పంపేచోట చూళ్ళేదు అని ఒక్కొక్కటీ ఎర్రగా చూపిస్తది. పాత పద్ధతిలో అయితే ఇవన్నీ మనం వెతుక్కోవాలి, దొరకనిది క్లయింటుకి దొరుకుద్ది.

కానీ ఇది పనిచెయ్యాలంటే ఒక నియమం గట్టిగా పాటించాలి, మ్యాచ్‌లో గానీ స్విచ్‌లో గానీ డీఫాల్ట్ కేసు (మిగతావన్నీ పట్టేది) పెట్టకూడదు. డీఫాల్ట్ పెట్టారంటే కొత్త కేసు వచ్చినప్పుడు అది నిశ్శబ్దంగా అందులోకి జారిపోద్ది, కంపైలరు ఏమీ అనదు. టైప్‌స్క్రిప్ట్‌లో చివర్న మిగిలిన విలువని నెవర్ (ఏ విలువా పట్టని) టైపుకి అప్పగించే లైను ఒకటి పెడితే ఏదైనా కేసు వదిలేసినప్పుడు అక్కడ ఎర్రర్ వస్తది. పైథాన్‌లో 3.11 నుంచి టైపింగ్ మాడ్యూల్‌లో అసర్ట్ నెవర్ అనే ఫంక్షన్ ఉంది, పైరైట్ గానీ మైపై గానీ (కోడ్ నడపకుండానే టైపులు చూసే చెకర్లు) రన్ చేస్తే అదే పని చేస్తది, చెకర్ రన్ చెయ్యకపోతే మాత్రం కోడ్ నడిచేటప్పుడే తెలుస్తది కాబట్టి చెకర్ని మీ బిల్డ్‌లో తప్పనిసరి చెయ్యండి.

డేటాబేస్ సంగతి కూడా చెప్పాలి, చాలామంది ఇక్కడే వదిలేస్తారు. టేబుల్‌లో సమ్ టైపు నేరుగా ఉండదు, కాబట్టి స్థితి అనే ఒక కాలమ్, మిగతావి ఖాళీ ఉండగలిగే కాలమ్‌లు పెట్టి, ఏ స్థితికి ఏవి నిండి ఉండాలో చెక్ కన్‌స్ట్రెయింట్‌గా రాయండి. పోస్ట్‌గ్రెస్‌లో ఇది మామూలుగా పనిచేస్తది. మైఎస్‌క్యూఎల్‌లో అయితే జాగ్రత్త, 8.0.16 కంటే ముందు వెర్షన్లు చెక్ కన్‌స్ట్రెయింట్‌ని చదివి ఊరుకునేవి, అమలు చేసేవి కావు, కాబట్టి పాత సర్వరు మీద పెట్టి నిశ్చింతగా ఉండకండి.

ఇక ఆప్షన్. కొన్ని భాషల్లో మేబీ అంటారు, జావాలో ఆప్షనల్. విలువ ఉంది లేదా లేదు, ఈ రెంటిలో ఒకటి అని టైపులోనే చెప్పడం. కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్ 1965లో ఆల్గాల్ డబ్ల్యూ భాష కోసం నల్ రిఫరెన్స్ (ఏ విలువా లేదు అనే గుర్తు) పెట్టారు, పెట్టడం తేలిక కాబట్టి పెట్టేశాననీ, అది తను చేసిన బిలియన్ డాలర్ల తప్పు అనీ 2009లో లండన్‌లో ఒక కాన్ఫరెన్సులో ఆయనే చెప్పారు. నల్ వల్ల ప్రోగ్రామ్ ఆగిపోతే అదొక రకం నష్టం, కనీసం తెలుస్తది. దానికంటే ప్రమాదం ఇంకోటుంది, నల్ రాకూడదని మనం పెట్టే సున్నా.

దగ్గర నుంచి చూడండి. ఈ రోజు తేజ రకం మూడు లాట్లు వచ్చాయి అనుకుందాం. ఒకటి 18,000కి, ఒకటి 20,000కి పోయాయి, మూడోదానికి రేటు ఇంకా అవలేదు. కాలమ్ ఖాళీ ఉంచకూడదని డీఫాల్ట్ సున్నా పెట్టి ఉంటే సగటు రేటు 12,667 వస్తది, అసలైతే 19,000. ఎక్కడా ఎర్రర్ రాదు, స్క్రీను మీద అంకె అందంగానే కనపడుద్ది, ఓనరు గారు దాన్ని చూసి రైతుతో మాట్లాడతారు. అందుకే ఇంకా తెలీదు అనేదానికీ సున్నా అనేదానికీ ఎప్పుడూ తేడా ఉంచాలి. రేటుని ఆప్షన్‌గా పెడితే సగటు ఫంక్షన్ రాసేటప్పుడే టైపు మిమ్మల్ని అడుగుద్ది, లేనివాటిని ఏం చేద్దామని, మీరు వదిలెయ్యాలో ఆపాలో తేల్చుకుని రాస్తారు. ఇంకో మాట, అసలు లాట్లే లేని రోజు సగటు ఎంత? అది కూడా సున్నా కాదు, లేదు అనే. సగటు ఫంక్షన్ తిరిగిచ్చేది కూడా ఆప్షనే అవ్వాలి.

వాడేటప్పుడు ప్రతిచోటా ఉందా లేదా అని ఇఫ్ పెట్టి లోపల్నుంచి విలువ లాగితే నల్ చెక్‌కీ దీనికీ తేడా ఏం ఉండదు. మ్యాప్ వాడండి: ఫోన్ నంబరు ఉంటే దాన్నుంచి మెసేజ్ తయారుచెయ్యి, లేకపోతే ఏం చెయ్యకు. ఆ లోపలి ఫంక్షన్ కూడా ఆప్షనే ఇస్తుంటే, అంటే రైతు దొరికితే అతని బ్యాంకు ఖాతా, ఖాతా ఉంటే దాని బ్రాంచి, అలా ఒకదాని మీద ఒకటి ఉంటే ఫ్లాట్‌మ్యాప్, రస్ట్‌లో దాన్నే అండ్ దెన్ అంటారు. చివర్న ఒక్కచోట మాత్రం లేకపోతే ఏంటి అని తేల్చాలి, సాధారణంగా అది స్క్రీను దగ్గర, బిల్లు మీద గీత పెట్టాలా ఖాళీ వదలాలా అన్నచోట.

జావా వాళ్ళకి ఒక సలహా, ఆప్షనల్ని మెథడ్ తిరిగిచ్చే విలువగా మాత్రమే వాడండి. దాన్ని పెట్టిందే అందుకు, ఫీల్డుగా పెడితే అది సీరియలైజబుల్ (ఫైల్లోకో నెట్‌వర్క్ మీదికో పంపగలిగేది) కాదు, కొన్ని లైబ్రరీలతో ఇబ్బంది పెడుద్ది. కోట్లిన్, టైప్‌స్క్రిప్ట్ వాళ్ళకి వేరే ఆప్షన్ టైపే అక్కర్లేదు, కోట్లిన్‌లో ప్రశ్నార్థకం పెట్టిన టైపు, టైప్‌స్క్రిప్ట్‌లో స్ట్రిక్ట్ మోడ్ ఆన్ చేస్తే అదే పని అయిపోద్ది, దయచేసి ఆ స్ట్రిక్ట్ మోడ్ ఆఫ్ చేసి ప్రాజెక్టు మొదలుపెట్టకండి.

రిజల్ట్ అనేది, కొన్ని చోట్ల ఈదర్ అంటారు, ఆప్షన్‌కి అన్నలాంటిది. ఆప్షన్ లేదు అని మాత్రమే చెప్పుద్ది, రిజల్ట్ ఎందుకు లేదో కూడా చెప్పుద్ది. ఇది బాగా పనికొచ్చేది ఎక్సెల్ ఫైళ్ళు దిగుమతి చేసుకునే దగ్గర. కొట్లో గుమస్తా గారు రోజు లాట్లన్నీ ఎక్సెల్‌లో కొట్టి పంపుతారు, అందులో ఒక వరసలో బరువు దగ్గర 45 అని కాకుండా '45 కేజీలు' అని ఉంటది, ఒకదాంట్లో తేదీ 31/02 ఉంటది, ఒకదాంట్లో రైతు కోడే ఉండదు. ఎక్సెప్షన్ విసిరే పద్ధతిలో మొదటి తప్పు దగ్గరే మొత్తం ఆగిపోద్ది, ఆయన అది సరిచేసి మళ్ళీ పంపుతారు, రెండో తప్పు దగ్గర మళ్ళీ ఆగుద్ది, పెద్దాయన సాయంత్రం ఆరింటికి లాట్ల హడావుడిలో ఉండి ఇదంతా చెయ్యాలి. అది మనం ఆయనకి పెట్టే కష్టం, అక్కర్లేని కష్టం.

ఇలా చెయ్యండి. ఒక్కో గడినీ చదివే చిన్న ఫంక్షన్ రాయండి, అది తిరిగిచ్చేది సరైన విలువ లేదా తప్పు వివరం. తప్పు వివరం అంటే ఉత్త స్ట్రింగ్ కాదు, వరస నంబరు, కాలమ్ పేరు, ఏం ఉంది, ఏం ఉండాలి, ఇవన్నీ ఉన్న రికార్డు. తర్వాత ఒక వరసలోని గడులన్నీ కలిపేటప్పుడు తేడా గమనించండి: ఫ్లాట్‌మ్యాప్‌తో గొలుసు కడితే మొదటి తప్పు దగ్గర ఆగుద్ది, ఎందుకంటే తర్వాతి మెట్టుకి ముందు మెట్టు విలువ కావాలి. కానీ బరువు చదవడానికి తేదీతో పనేం లేదు కదా, రెండూ విడివిడిగా చదివి తప్పులు ఉంటే అన్నీ పోగుచెయ్యొచ్చు. స్కాలాలో క్యాట్స్ లైబ్రరీలో వ్యాలిడేటెడ్ అని దీనికోసమే ఒక టైపు ఉంది, మీ భాషలో లేకపోయినా తప్పుల లిస్టు పట్టుకునే చిన్న ఫంక్షన్ ఇరవై లైన్లలో రాసుకోవచ్చు. ఒకదాని మీద ఒకటి ఆధారపడితే గొలుసు, ఆధారపడకపోతే పోగు, ఇది గుర్తుంటే చాలు. ఆఖర్న మంచి వరసలు ఒక లిస్టు, తప్పు వరసలు ఒక లిస్టుగా విడగొట్టి, గుమస్తా గారికి అన్ని తప్పులూ ఒకేసారి చూపిస్తే ఆయన ఒకే విడతలో దిద్ది పంపుతారు.

అయితే ఎక్సెప్షన్లు మొత్తం తీసెయ్యమని కాదు. డేటాబేస్ కనెక్షన్ పోయింది, డిస్కు నిండిపోయింది, వీటికి ఎక్సెప్షనే సరైంది, అక్కడికక్కడ మనం చెయ్యగలిగిందేం లేదు. యూజరు చేసే, మనం ముందే ఊహించగల తప్పులకి రిజల్ట్ వాడండి.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైంది, తేలికైంది కూడా, కొలతలకి వేరే వేరే టైపులు. యార్డులో రేటు క్వింటాకి చెప్తారు, కాటా కేజీల్లో పడుద్ది. రెండూ కోడ్‌లో ఉత్త నంబర్లు అయితే 18,000 ని 45తో గుణిస్తే 8,10,000 వస్తది, అసలు ఆ టిక్కీ విలువ 8,100. నూరుతో భాగించడం ఒక్కచోట మర్చిపోతే చాలు. నాసా అంగారకుడి దగ్గరికి పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే వ్యోమనౌక 1999లో పోయింది ఇలాంటిదాని వల్లే, ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్ల లెక్కలో ఇచ్చిన అంకెల్ని రెండోది న్యూటన్ల లెక్కగా తీసుకుంది. కాబట్టి కేజీ అని ఒక టైపు, క్వింటా రేటు అని ఒక టైపు, పైసలు అని ఒక టైపు పెట్టండి, ఒక్కోదాంట్లో ఒక్క నంబరే ఉంటది. పైసల్లో ఉన్న క్వింటా రేటునీ కేజీల్నీ తీసుకుని పైసలు ఇచ్చే ఫంక్షన్ ప్రాజెక్టు మొత్తంలో ఒక్కటే ఉండాలి, నూరుతో భాగించడం అందులో మాత్రమే ఉండాలి. పైసలు ఎందుకంటే డబ్బుని దశాంశాల ఫ్లోట్‌లో పెట్టకూడదు, 0.1కి 0.2 కలిపితే ఫ్లోట్‌లో 0.30000000000000004 వస్తది, రోజంతా లాట్లు కూడితే ఆఖర్న ఖాతా తేలదు. పూర్ణాంకంగా పైసల్లో ఉంచి, ప్రింట్ చేసేటప్పుడు రూపాయలు చెయ్యండి.

ఈ టైపులు పెట్టినప్పుడు కన్‌స్ట్రక్టర్ని ప్రైవేటు చేసి, బయటనుంచి విలువ రావాలంటే ఒకే ద్వారం ఉంచండి, ఆ ద్వారం తిరిగిచ్చేది రిజల్ట్. కేజీలు సున్నా కంటే ఎక్కువ ఉన్నాయా లేదా అన్నది అక్కడ ఒక్కసారి చూస్తే, లోపల ఇంకెక్కడా చూడక్కర్లేదు, కేజీ టైపు చేతిలో ఉందంటేనే అది సరైన బరువని అర్థం.

మార్చకుండా కొత్తది చెయ్యడం గురించి క్లుప్తంగా. లాటు స్థితి మారినప్పుడు ఉన్న ఆబ్జెక్ట్‌ని మార్చకుండా కొత్త ఆబ్జెక్ట్ ఇవ్వండి, కోట్లిన్‌లో కాపీ, పైథాన్ డేటాక్లాసులకి రీప్లేస్ ఉన్నాయి. రేటు అయింది అనే స్థితినీ బరువునీ తీసుకుని కాటా అయింది అనే స్థితి ఇచ్చే ఫంక్షన్ రాస్తే, కాటా రెండుసార్లు వెయ్యడం అనే తప్పు కూడా టైపే ఆపేస్తది. రైతు ఖాతా బ్యాలెన్సు కూడా ఒక కాలమ్‌లో పెట్టి మారుస్తూ పోవడం కంటే, ఎంట్రీలన్నీ ఉంచి వాటిని ఫోల్డ్ చేసి బ్యాలెన్సు తియ్యడం మంచిది: సున్నాతో మొదలై, జమ అయితే కలుపు, చెల్లింపు అయితే తగ్గించు. కొట్లో చేతి ఖాతా రాసే పెద్దవాళ్ళు తప్పు పడితే చెరపరు, ఎదురు ఎంట్రీ వేస్తారు, వాళ్ళ పద్ధతే కోడ్‌లోనూ ఉంచండి, రైతు వచ్చి 'అయ్యా, నాకు రెండువేలు ఎందుకు తగ్గింది' అంటే లైను లైనూ చూపించగలగాలి. మ్యాప్, ఫిల్టర్, ఫోల్డ్ మీకు తెలిసే ఉంటాయి, ఫోల్డ్ చదవడం కష్టంగా ఉంటే మామూలు ఫర్ లూప్ రాయండి, ఫంక్షన్ బయటికి ఏమీ మార్చకపోతే లోపల లూప్ ఉన్నా నష్టం లేదు.

మోనాడ్ అనే మాట టీమ్‌లో కొత్తగా చేరిన పిల్లలకి మొదటి రోజే చెప్పకండి. ఫ్లాట్‌మ్యాప్ ఆప్షన్ మీద, రిజల్ట్ మీద, లిస్టు మీద వాడేసరికి మూడూ ఒకేలా ఉన్నాయేంటని వాళ్ళే అడుగుతారు, అప్పుడు ఆ పోలికకే మోనాడ్ అని పేరని చెప్తే రెండు నిమిషాల్లో ఎక్కుద్ది. అలాగే జావాలో కూర్చుని హాస్కెల్ లైబ్రరీ మొత్తం తిరగరాయొద్దు, తర్వాత ఆ కోడ్ చూసేవాళ్ళు పాపం చాలా అవస్థ పడతారు.

పాత ప్రాజెక్టులో ఎక్కడ మొదలుపెట్టాలంటే, ముందు కొలతల టైపుల్తో, అవి ఎవరి కోడ్‌నీ పెద్దగా కదిలించవు. తర్వాత ఎక్కువ ఫిర్యాదులు వచ్చే ఒక టేబుల్ తీసుకుని దాని స్థితుల్ని సమ్ టైపు చెయ్యండి, డేటాబేస్ నుంచి చదివే ఒక్క ఫంక్షన్‌లోనే పాత కాలమ్‌ల నుంచి కొత్త టైపుకి మార్చండి. అప్పుడు ఆ జరగకూడని పదకొండు కాంబినేషన్లలో కొన్ని వరసలు నిజంగానే తగులుతాయి, వాటిని డీఫాల్ట్‌తో కప్పెయ్యకుండా విడిగా లిస్టు తీసి, ఓనరు గారితో కూర్చుని ఒక్కొక్క లాటూ అడిగి దిద్దండి. చెక్ కన్‌స్ట్రెయింట్ ఆ తర్వాతే పెట్టాలి, లేకపోతే పాత వరసల వల్ల అదే ఎక్కదు.